పాలు వద్దు, బువ్వ కావాలి: ఒక నిరాకరణ చరిత్ర

పసిబిడ్డ ఆహారానికి తెలుగులో ఉన్న మాటలు గమనించదగ్గవి. తల్లి ఇచ్చేవి చనుబాలు. తల్లికి పాలు చాలనప్పుడో, తల్లే లేనప్పుడో ఆవుపాలనో మేకపాలనో చిన్న గిన్నెతో నోట్లో పోస్తే అవి పోతపాలు. వాటి స్థానంలోకి అంగడి నుంచి వచ్చినవి డబ్బాపాలు. ఉగ్గు అన్న మాటకు పాత నిఘంటువులు ఆముదం కలిపిన చనుబాలని అర్థం చెబుతాయి. నేడు మన ఇళ్ళలో ఆ మాటకు అర్థం వేయించి విసిరిన బియ్యం, పప్పుల పిండితో కాచిన జావ. ద్రవం నుంచి ఘనానికి ఒక మాట ఇలా నడిచి వెళ్ళడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. ఉగ్గుగిన్నెకు పాలైనా జావైనా ఒకటే. ఎక్కడ పాలు ఆగి ఎక్కడ బువ్వ మొదలవుతుందన్న గీత ఆ గిన్నె మీద లేదు.

ఆ గీత మనకు పోతపాల సీసాతో వచ్చింది. దాని మీద ఔన్సుల గుర్తులుంటాయి. విదేశాలలో బిడ్డలను పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఈ సమస్య పరిచితమే: ఆరేడు నెలల దాకా చనుబాలు తాగిన బిడ్డ, తల్లి ఉద్యోగానికి వెళ్ళవలసిన వేళ సీసాలో ఫార్ములా పాలు కలిపి ఇస్తే పెదవులు బిగిస్తుంది, మొహం తిప్పుకుంటుంది. అదే పూట పప్పన్నం మెత్తగా మెదిపి పెడితే ఆవురావురుమంటూ తింటుంది. తల్లిదండ్రులకు మిగిలేది ఒక ప్రశ్న. ఇది బిడ్డ మొండితనమా, లోపమా, లేక బిడ్డ చెబుతున్న విషయమా? ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్ళుగా వైద్యులు ఇచ్చిన సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగవు. అవి ఎందుకు మారాయో తెలిస్తే, నేడు వైద్యుడు చెప్పే మాటలో ఎంత శరీరధర్మమో, ఎంత చారిత్రక అలవాటో వేరు చేసుకోవడం కొంత తేలికవుతుంది.

జావగా పుట్టిన ఫార్ములా

ఈ కథలో తరచుగా మరుగున పడే విషయమొకటుంది. మొట్టమొదటి వాణిజ్య శిశ్వాహారాలు మనం నేడు అనుకునే అర్థంలో పాలు కావు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టుస్ ఫాన్ లీబిగ్ 1860ల నడుమ ప్రకటించిన శిశ్వాహారంలో ఆవుపాలతో పాటు గోధుమపిండి, మొలకెత్తించిన గింజల పిండి, పొటాషియం బైకార్బొనేట్ ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో హెన్రీ నెస్లే 1867లో అమ్మకానికి పెట్టినది పాలు, చక్కెర, కాల్చిన గోధుమరొట్టె పొడి కలిసిన పిండి. ఫ్రెంచి భాషలో దాని పేరుకు అర్థమే పాలపిండి. అంటే ఇవి రెండూ జావలే. అప్పటికే యూరప్‌లో రొట్టెముక్కలను పాలలోనో నీళ్ళలోనో ఉడికించి పసిపిల్లలకు పెట్టే ఆచారం ఉంది. లీబిగ్, నెస్లేలు ఆ వంటింటి పద్ధతికి రసాయన శాస్త్రపు ముద్ర వేశారు. పాలు ముట్టక జావ తినే బిడ్డ 1870లో పుట్టి ఉంటే, డబ్బా అమ్మే వ్యాపారి దృష్టిలో అది సమస్యే అయ్యేది కాదు.

ఈ రెంటినీ విడదీసినది అమెరికన్ వైద్యం. హార్వర్డ్‌లో శిశువైద్యం బోధించిన థామస్ మోర్గన్ రాచ్, ఆవుపాలలో కొవ్వు, చక్కెర, మాంసకృత్తుల పాళ్ళను శాతాలలో సవరిస్తే తల్లిపాలకు దగ్గరగా తీసుకురావచ్చని వాదించాడు. 1891లో బోస్టన్‌లో వాకర్-గోర్డన్ పాల ప్రయోగశాల మొదలైంది. వైద్యుడు మందు రాసినట్టే ప్రతి బిడ్డకూ పాళ్ళు రాసిచ్చేవాడు, ప్రయోగశాల ఆ లెక్కన పాలు కలిపి పంపేది. ఫార్ములా అన్న మాట శిశ్వాహారానికి అతుక్కున్నది ఈ చీటీల నుంచే. ఒక గణిత సూత్రం పేరు ఒక ఆహారానికి పేరు కావడం మనకు వింతగా తోచదు, అలవాటైపోయింది కనుక.

సూత్రం వచ్చాక కొలత, కొలతతో పాటు వేళ తప్పవు. ఎమ్మెట్ హోల్ట్ 1894లో ప్రచురించిన శిశుపోషణ గ్రంథం ప్రశ్నోత్తరాల రూపంలో తల్లులకు నిర్ణీత వేళలనూ పరిమాణాలనూ నేర్పింది. న్యూజిలాండ్‌లో ట్రూబీ కింగ్ 1907లో స్థాపించిన సంస్థ గడియారాన్ని ఇంకా కఠినంగా పాటించింది. 1915 ప్రాంతంలో క్లీవ్‌లాండ్‌లో హెన్రీ గెర్‌స్టెన్‌బెర్గర్ ఆవుపాల కొవ్వు స్థానంలో వేరే కొవ్వులను కలిపి తల్లిపాలను అనుకరించే మిశ్రమం తయారుచేశాడు. సెయింట్ లూయీలో మెక్‌కిమ్ మారియట్ లాక్టిక్ ఆమ్లంతో పులుపు చేసిన పాలకు మొక్కజొన్న పాకం కలిపి ఇచ్చి మంచి ఫలితాలు చూపాడు. (మజ్జిగ తాగి పెరిగిన మనకు పులిసిన పాలు బిడ్డ కడుపుకు తేలికని చెప్పడానికి ఒక ఆచార్యుడు కావలసి రావడం కాస్త నవ్వు పుట్టిస్తుంది.) 1930ల నుంచి అమెరికన్ ఇళ్ళలో డబ్బాలలో దొరికే చిక్కబరచిన పాలు, నీళ్ళు, మొక్కజొన్న పాకం కలిపి ఒక రోజుకు సరిపడా సీసాలు నింపిపెట్టుకోవడం సామాన్యమైంది.

ఈ క్రమంలో బిడ్డ తాగిందా అన్న ప్రశ్న పోయి, ఎన్ని ఔన్సులు తాగిందన్న ప్రశ్న వచ్చింది. చనుబాలలో మిగులు కంటికి కనబడదు. సీసాలో కనబడుతుంది. నిరాకరణను ఒక అంకెగా చూడటం ఇక్కడే మొదలైంది.

అన్నప్రాశన వేళ

ఘనాహారం ఎప్పుడన్న ప్రశ్నకు మన సంప్రదాయంలో ఉన్న సమాధానం అందరికీ తెలిసినదే. గృహ్యసూత్రాలు అన్నప్రాశనను ఆరవ నెలలో చెబుతాయి. సుశ్రుతసంహిత కూడా ఆరవ నెలలో తేలికైన, హితమైన అన్నం పెట్టమంటుంది. కాశ్యపసంహిత మాత్రం రెండు మెట్లుగా చెబుతుంది: ఆరవ నెలలో పండ్లరసం, పదవ నెల ప్రాంతంలో అన్నం. ఆశ్వలాయన గృహ్యసూత్రం ఆ తొలిముద్దలో ఏముండాలో చెప్పే తీరు మరీ ఆసక్తికరం. పుష్టి కోరేవారు మేకమాంసం, బ్రహ్మవర్చస్సు కోరేవారు తిత్తిరి పక్షి మాంసం, తేజస్సు కోరేవారు నెయ్యి కలిపిన అన్నం పెట్టాలంటుంది. నేడు మన పురోహితులు ఈ జాబితాలో చివరిదాన్ని మాత్రమే ఉంచుకున్నారు. అయితే ఆరవ నెలలో ఇనుము దండిగా ఉన్న మాంసాహారాన్ని సూచించడంలో ఆ సూత్రకారులకు ఆధునిక పోషణశాస్త్రం తెలుసని నిరూపించే ఉత్సాహం నాకు లేదు. వారి లక్ష్యం వేరు. చెప్పదగినదల్లా, ఆరు నెలల బిడ్డకు ముద్ద పెట్టడం ఈ నేలలో ఎన్నడూ సాహసం కాదన్నదే.

పశ్చిమంలో ఈ వేళ విపరీతంగా ఊగింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఏడాది నిండేదాకా ఘనాహారం పెద్దగా ఇచ్చేవారు కారు. 1928లో మిషిగన్‌లోని ఫ్రీమాంట్‌లో గెర్బర్ కుటుంబపు డబ్బా కర్మాగారం వడగట్టిన కూరగాయలను పసిపిల్లల కోసం అమ్మడం మొదలుపెట్టాక ఆ వయసు వేగంగా దిగివచ్చింది. 1950లలో ఫ్లోరిడా వైద్యుడు వాల్టర్ సాకెట్ పుట్టిన రెండు మూడు రోజులకే ధాన్యపు జావ మొదలుపెట్టవచ్చన్నాడు! ఆ తరువాత లోలకం వెనక్కి వచ్చింది. 1974లో బ్రిటిష్ ఆరోగ్యశాఖ నివేదిక నాలుగు నెలలకు ముందు వద్దంది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల వరకూ కేవలం చనుబాలే ఇవ్వమంది. ఒక శతాబ్దంలో ఏడాది నుంచి రెండు రోజులకు దిగి, మళ్ళీ గృహ్యసూత్రాల ఆరవ నెలకు చేరిన ఈ ప్రయాణంలో బిడ్డ జీర్ణాశయం మాత్రం మారలేదు.

క్లారా డేవిస్ పళ్ళెం

బిడ్డనే అడిగితే? ఈ ఆలోచనను ప్రయోగంగా చేసినది క్లారా డేవిస్ అనే శిశువైద్యురాలు. గడియారం చూసి తినిపించే ఆ కాలంలో, పిల్లలు తినడం లేదని వైద్యుల దగ్గరకు వచ్చే తల్లులు విపరీతంగా పెరిగారు. రాసిచ్చిన ఆహారపట్టికే ఈ నిరాకరణకు కారణం కాదు కదా అని డేవిస్ అనుమానం. 1926లో క్లీవ్‌లాండ్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో ముగ్గురు శిశువులతో మొదలుపెట్టింది. తరువాత షికాగోలో కొనసాగించింది. మొత్తం పదిహేనుమంది. అందరూ ఆరు నుంచి పదకొండు నెలల మధ్య అప్పుడే పాలు మాన్పించిన బిడ్డలు. అంతవరకూ వేరే ఆహారం రుచి ఎరగనివారు.

పద్ధతి సరళమైనది. బిడ్డ ముందు పళ్ళెంలో రకరకాల పదార్థాలు విడివిడిగా ఉంచుతారు. మొత్తం జాబితాలో ముప్పైనాలుగు: నీళ్ళు, తాజా పాలు, పులిసిన పాలు, సముద్రపుటుప్పు, పండ్లు, కూరగాయలు, ధాన్యాలు, మాంసం, చేప, కాలేయం, మెదడు, మూలుగ వంటివి. వేటిలోనూ ఉప్పూ మసాలా కలపరు, ఒకదానితో ఒకటి కలపరు. నర్సు చెంచా పట్టుకుని పక్కన కూర్చుంటుంది కాని ఏదీ అందించదు, ఏదీ పొగడదు. బిడ్డ వేలు చూపినా చెయ్యి చాచినా మాత్రమే ఆ పదార్థాన్ని చెంచాతో నోటికి అందిస్తుంది. బిడ్డ నోరు మూస్తే అంతటితో సరి.

ఫలితాలు 1928లోనూ 1939లోనూ ప్రచురితమయ్యాయి. ఏ ఇద్దరి ఆహారమూ ఒకలా లేదు. ఒక బిడ్డ ఉదయాహారం కాలేయమూ నారింజ రసమూ. వైద్యులు ఆనాడు రాసిచ్చే పాలు-ధాన్యపు పట్టికను పోలిన ఆహారం ఎవరిదీ కాదు. అయినా అందరూ చక్కగా పెరిగారు. రికెట్స్ ఉన్న ఒక బిడ్డ పళ్ళెంలో కాడ్ చేప నూనె కూడా పెడితే, ఎముకలు నయమయ్యేదాకా తనంత తానే తాగి, ఆ తరువాత ముట్టడం మానేశాడు. ఈ కథ ఎంతగా ప్రచారమైందంటే, 1946లో వెలువడిన బెంజమిన్ స్పాక్ గ్రంథం ద్వారా కోట్లాది తల్లిదండ్రులకు చేరింది. బిడ్డకు తనకేం కావాలో తెలుసన్న నమ్మకానికి పునాది అయింది.

డేవిస్ మాత్రం అంత దూరం వెళ్ళలేదు. కిటుకంతా జాబితాలోనే ఉందని ఆమె స్పష్టంగా చెప్పింది. పళ్ళెంలో ఉన్నవన్నీ సహజమైన, శుద్ధిచేయని ఆహారాలే. చక్కెర లేదు, తెల్లపిండి లేదు. ఏది ఎంచుకున్నా పెద్దగా నష్టపోయే వీలు లేదు. శుద్ధిచేసిన ఆహారాలతో మరో ప్రయోగం చేయాలనుకుంది కాని ఆర్థికమాంద్యం వల్ల సాగలేదు. మరొక విషయం: ఆ పళ్ళెంలో పాలు రెండు రకాలుగా ఎప్పుడూ ఉన్నాయి. పాలు లేకుండా బిడ్డ పెరుగుతుందని ఆ ప్రయోగం చెప్పలేదు. పాలు ఎంత అన్నది బిడ్డకు వదిలేయవచ్చని మాత్రమే చెప్పింది. ఇంకొక విషయం చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. ఆ శిశువులు పోషించే స్తోమత లేని చిన్నవయసు తల్లుల, వితంతువుల పిల్లలు. ఏళ్ళ తరబడి సంస్థలోనే పెరిగినవారు. నేడు ఏ నైతిక సంఘమూ ఇటువంటి ప్రయోగానికి అనుమతి ఇవ్వదు.

రుచి ఎక్కడ మొదలవుతుంది

బిడ్డ ఘనాహారం తిని ఫార్ములా మానడానికి కారణాన్ని డేవిస్ వెతకలేదు. ఆ వెతుకులాట ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో జూలీ మెనెల్లా, గేరీ బోషాంప్‌ల చేతుల్లో సాగింది. 1991లో వారు పాలిచ్చే తల్లులకు వెల్లుల్లి ఇచ్చి, రెండు గంటల తరువాత వారి పాలకు వెల్లుల్లి వాసన రావడం గమనించారు. అప్పుడు పిల్లలు మొహం తిప్పుకోలేదు సరికదా, మామూలు కంటే ఎక్కువసేపు రొమ్ము పట్టుకున్నారు. 2001లో ప్రచురించిన మరో పరిశోధనలో, గర్భంలోనో చనుబాలలోనో క్యారట్ రుచి పరిచయమైన పిల్లలు తరువాత క్యారట్ కలిపిన జావను సులువుగా ఒప్పుకున్నారు. మన బాలింతలకు పెట్టే వెల్లుల్లి కారం, శొంఠిపొడి, ఇంగువ చారు తల్లికోసమేనని అనుకుంటాం. వాటి పరిచయం బిడ్డకూ జరుగుతుందన్నమాట. చనుబాలు పూటకో రుచి. డబ్బాపాలు ఎప్పుడూ ఒకే రుచి, అదీ తల్లి వంటింటికి సంబంధం లేని రుచి.

వారి పరిశోధనలలో మన ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఆవుపాలు పడని పిల్లలకిచ్చే ఫార్ములా గురించినది. 1942 నుంచి అమ్ముడవుతున్న ఈ రకంలో మాంసకృత్తులను ముందే ముక్కలుగా విడగొడతారు. దాని రుచి చేదు, పులుపు; పెద్దలు నోట్లో పెట్టుకోలేరు. సుమారు నాలుగు నెలల లోపు పిల్లలు దీన్ని ఇబ్బంది లేకుండా తాగుతారు. ముందు ఎన్నడూ రుచి చూడని అయిదారు నెలల పిల్లలు ఒక్క గుక్కతోనే తోసేస్తారు. తొలినాళ్ళ నుంచి అలవాటైన పిల్లలు మాత్రం ఏడో నెలలోనూ ఇష్టంగా తాగుతారు. మామూలు ఫార్ములా ఇంత చేదు కాదు కనుక ఈ ఫలితాన్ని యథాతథంగా దానికి అన్వయించలేం. అయినా ఒక విషయం ఊహించవచ్చు: రుచికి తలుపు తెరిచి ఉండే కాలం ఒకటుంది, ఆ తరువాత కొత్త పాలకు తలుపు తట్టాలి. అమెరికాలో 1993 చట్టం ఇచ్చే జీతం లేని సెలవు పన్నెండు వారాలు, అదీ అర్హత ఉన్నవారికే. భారతదేశంలో 2017 సవరణతో సంఘటిత రంగపు తల్లులకు ఇరవై ఆరు వారాలు. సెలవు పొడిగించుకుంటూ పోయి ఆరో నెలలో సీసా మొదలుపెట్టిన తల్లి, తెలియకుండానే ఆ తలుపు మూసుకునే వేళకు చేరుకుంటుంది. దీనికి ఆమెను నిందించేవారికి కొదవ లేదు. నిందకు అర్హమైనది క్యాలెండర్.

సీసాను వద్దనడం, పాలను వద్దనడం ఒకటి కాదన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. రబ్బరు చనుమొనకు అమెరికాలో తొలి పేటెంటు 1845 నాటిది. అంతకు ముందూ పోతపాలు పోసేవారు. కొమ్ముతో ఉండే ఉగ్గుగిన్నె తెలుగునాట, పాలాడై తమిళనాట చేసిన పని అదే. బరువు తక్కువగా పుట్టి రొమ్ము పట్టలేని శిశువులకు కప్పుతోనో పాలాడైతోనో చెంచాతోనో పాలు పట్టమని 2011 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు తమిళమాటనే వాడుతూ సూచించాయి. సీసా ముట్టని ఏడు నెలల బిడ్డ చిన్న కప్పుతో అవే పాలు తాగడం అరుదు కాదు. జావలో కలిపితే తెలియకుండానే తినేయడమూ అంతే. లీబిగ్, నెస్లేలు చేసినదీ ఇదే కదా.

జావ మాత్రమే మిగిలితే

ఇంతవరకూ బిడ్డ పక్షాన మాట్లాడాను. మరో పక్షం ఉంది, అది తేలికైనది కాదు. 1930లలో పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్టులో పనిచేసిన సిసిలీ విలియమ్స్, పాలు మాన్పించాక మొక్కజొన్న జావ మీదనే బతికే పిల్లలలో వాపు, చర్మం పొలుసులూడటం, మరణం చూసింది. 1935లో ఆ జబ్బుకు స్థానిక గా భాషలోని క్వాషియోర్కర్ అన్న పేరునే వైద్యలోకానికి అందించింది. తరువాతి బిడ్డ పుట్టడంతో చనుబాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బని దాని భావం. ఘనాహారం కడుపునిండా తినడం వేరు, పోషణ అందడం వేరని ఆ మాటలోనే ఉంది. అదే విలియమ్స్ 1939లో సింగపూర్‌లో చేసిన ప్రసంగంలో, తీపి డబ్బాపాలను తల్లిపాలకు బదులుగా అమ్మడాన్ని హత్యతో సమానమంది. పాలు లేని జావనూ, తగని పాలనూ ఒకే మనిషి ఖండించడం ఈ చరిత్రలో మరువరాని ఘట్టం. ఆమె రెండో హెచ్చరిక ముప్పై అయిదేళ్ళ తరువాత గాని లోకానికి వినబడలేదు. 1974లో వెలువడిన ఒక బ్రిటిష్ నివేదిక, 1977లో మొదలైన బహిష్కరణ ఉద్యమం, 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన అంతర్జాతీయ నియమావళి (వ్యతిరేకంగా ఓటు వేసినది అమెరికా ఒక్కటే), 1992లో భారతదేశపు చట్టం వరసగా వచ్చాయి. మన చట్టం డబ్బాల మీద శిశువుల బొమ్మలను నిషేధించింది. బొద్దుగా ఉన్న పిల్లవాణ్ణి అమూల్ బేబీ అనడం మాత్రం ఏ చట్టమూ ఆపలేకపోయింది.

క్వాషియోర్కర్ ప్రశ్న తెలుగునేలకు నేరుగా ముడిపడి ఉంది. కూనూరు నుంచి 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చిన పోషణ పరిశోధనశాల, తరువాతి జాతీయ పోషకాహార సంస్థ, సి. గోపాలన్ నాయకత్వంలో ఈ జబ్బు మీద విస్తృతంగా పనిచేసింది. మాంసకృత్తుల కొరతే అసలు కారణమన్న అప్పటి అంతర్జాతీయ అభిప్రాయంతో గోపాలన్ విభేదించాడు. మన పిల్లలు తినే ఆహారంలో మొత్తం శక్తే చాలడం లేదని, తినే అన్నమే కడుపునిండా దొరికితే మాంసకృత్తుల లోటు చాలావరకు తీరుతుందని వాదించాడు. ఆ సంస్థ రూపొందించిన హైదరాబాద్ మిక్స్‌లో పాలు లేవు: వేయించిన గోధుమలు, శనగలు, వేరుశనగలు, బెల్లం. పాలు దొరకని ఇళ్ళకోసం చేసినది, పాలు వద్దనే బిడ్డ తల్లికీ ఏదో చెబుతుంది. పలచటి బియ్యపు గంజిలో ఆరు చెంచాలకు దొరికే శక్తి, నెయ్యో నూనెపిండో కలిసిన పప్పు ముద్దలో రెండు చెంచాలకే దొరుకుతుంది. ఆరవ నెలకు బిడ్డ శరీరంలోని ఇనుపనిల్వలు అడుగంటుతాయి కనుక, గంజి ఎంత తిన్నా ఆ లోటు పూడదు. అందువల్ల బాగా తింటున్నాడన్న మాటను అలాగే ఒప్పుకోకుండా, ఏం తింటున్నాడని అడిగే వైద్యుడు మనకు శత్రువు కాడు.

అయితే ఆ వైద్యుడి చేతిలోని పట్టికకూ ఒక చరిత్ర ఉంది. 1977 నుంచి అమెరికాలో, ఆపైన ప్రపంచమంతటా వాడిన ఎదుగుదల రేఖలలో రెండేళ్ళ లోపు పిల్లల భాగం ఒహాయో రాష్ట్రంలోని ఎల్లో స్ప్రింగ్స్ ప్రాంతంలో దశాబ్దాలపాటు కొలిచిన పిల్లల నుంచి వచ్చింది. వారిలో అధికులు ఫార్ములా తాగినవారు. చనుబాలు తాగే పిల్లలు మొదటి రెండు మూడు నెలల తరువాత ఆ రేఖకు కింద పడటం, దాన్ని చూసి డబ్బాపాలు కలపమనడం ఒక తరానికి అలవాటైంది. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమాన్, అమెరికా దేశాలలో చనుబాలు తాగిన పిల్లలను కొలిచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో కొత్త రేఖలు ఇచ్చింది. అమెరికా ప్రభుత్వం రెండేళ్ళ లోపు పిల్లలకు వాటిని సిఫారసు చేసినది 2010లో.

మిగిలిన గొడవ ఆవుపాలది. మామూలు ఆవుపాలు తాగే పిల్లలలో పేగుల నుంచి సూక్ష్మంగా రక్తం పోవడం, ఇనుము తగ్గడం గమనించిన పరిశోధనల మీద ఆధారపడి, 1992లో అమెరికన్ శిశువైద్యుల సంఘం ఏడాది నిండేదాకా వాటిని తాగించవద్దంది. నేటికీ అదే మాట. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం, ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు చనుబాలు కాక వేరే పాలు ఇస్తుంటే ఫార్ములా అయినా, పశువుల పాలయినా ఇవ్వవచ్చంది. ఆ సిఫారసు షరతులతో కూడినదని, దానికి ఆధారాల బలం తక్కువని కూడా చెప్పింది. కాబట్టి అట్లాంటాలోని అమ్మమ్మ ఆవుపాలు పట్టమనడం, అక్కడి వైద్యురాలు వద్దనడం అజ్ఞానానికీ శాస్త్రానికీ మధ్య జరిగే తగాదా కాదు. రెండు అధికారిక పత్రాల మధ్య ఉన్న తేడా.

ఈ తేడాను తీర్చగల సమాచారం, అంటే పాలూ బువ్వా రెండూ ముందుంటే ఆరు నుంచి పన్నెండు నెలల బిడ్డ తనంత తాను ఏది ఎంత తీసుకుంటుందన్న పూటపూట లెక్క, ఒకసారి సేకరించబడింది. డేవిస్ పదిహేనుమంది పిల్లల భోజనాలు ముప్పై ఆరువేలకు పైగా గ్రాముల లెక్కన రాయించింది. ఆమె దానిలో కొంత సారాంశం మాత్రమే ప్రచురించింది. 1959లో ఆమె మరణించాక ఆ కాగితాలను పారవేశారు.